సితిరియా ఈల

సితిరియాకు పైవరసలో ముందు పళ్ళు నాలుగూ పీకేశారని తెలిసిన పూట, నేను మా పందుల కుడితిలో మామూలు కంటే రెండు దోసిళ్ళు తవుడు ఎక్కువ కలిపాను. నోటితో ఎవరితోనూ ఏమీ అనలేదు. మనసులో పుట్టిన సంతోషాన్ని ఎక్కడో ఒకచోట ఒంపుకోవాలి కదా, తొట్లో ఒంపాను.

పళ్ళు పోయింది ఆమెకు. అయినా ఆ రోజు తీరం మీద వాళ్ళంతా తమ ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు కూర్చున్నారు. ఎందుకంటే ఆమె ఈల ఆ పళ్ళ మీదుగానే వచ్చేది. నాలిక మడిచి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, పై పళ్ళకు పెదవి బిగించి ఊదితే, ఎంత హోరులోనైనా ఆ ఈల దిబ్బ అవతలి దాకా పోయేది.

మా సొరకె తీరంలో కెరటం ఇసుక మీద విరగదు. పగడపు దిబ్బ మీద విరుగుతుంది. మోకాలి లోతు నీళ్ళ కింద కొడవలి పళ్ళు పరిచినట్టు ఉంటుంది ఆ దిబ్బ. దాని మీద కెరటం నిలువునా లేచి, చాపలా చుట్టుకుంటూ, కుడిచేతి వైపుకు దొర్లుకుపోతుంది. ఆ చుట్టలోకి దూరి మళ్ళీ బయటికి రావడం కోసమే ఎక్కడెక్కడి మనుషులో కెరటాల మీద జారే బల్లలు చంకన పెట్టుకుని ఇక్కడికి వస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళకే ఆ చోటు. నేర్చుకునేవాళ్ళను మావాళ్ళు అఖాతం లోపల ఇసుక వైపుకు పంపిస్తారు. అక్కడ పడితే నోట్లో ఇసుక పడుతుంది. ఇక్కడ పడితే వీపు తోలు దిబ్బకు ఇచ్చి రావాలి.

బల్ల మీద కూర్చుని కెరటం కోసం కాచుకునేవాడికి కళ్ళు నీళ్ళ మట్టానికే ఉంటాయి. ముందు కెరటం వెనక దాన్ని దాచేస్తుంది. ఒడ్డున మేడ మీద ఉన్నవాళ్ళకు ఇంకా దూరం కనబడుతుంది. బాగా బయటగా నీళ్ళలో ఒక రాతి గట్టు ఉంది, దాన్ని బయటి రాయి అంటాం. పెద్ద కెరటాలు ఎప్పుడూ ఒక్కటిగా రావు, మూడో నాలుగో వరసగా వస్తాయి. వరస వచ్చేటప్పుడు ముందు బయటి రాయి దగ్గర తెల్లబడుతుంది. తెల్లబడటం అందరికీ కనబడుతుంది గానీ అప్పటికి ఆలస్యమైపోతుంది. తెల్లబడక ముందు అక్కడ నీళ్ళ రంగు కాస్త ముదురుతుందట. ఆ ముదరడం సితిరియా ఒక్కతికే కనబడుతుంది. కనబడగానే ఈల వేసేది. పొడుగు ఈల ఒకటైతే, ఉన్నపళాన లోతుకు ఈదుకుపొమ్మని. పొట్టి ఈలలు రెండైతే, వచ్చేదాన్ని వదిలెయ్యి, దాని వెనకది బాగుంటుందని. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఈల విని ఎంతమంది తోలు మిగుల్చుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

తను మాత్రం ఏనాడూ బల్ల ఎక్కలేదు. నడుము లోతు దాటి నీళ్ళలోకి దిగి ఎరగదు. ఈ మాట నేను చాలామందితో అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

మా నియాస్ దీవిలో తొలి బిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల పేర్లు పోతాయి. మాకు యెల్ఫి పుట్టిన దగ్గర నుంచి నా భర్త అమా యెల్ఫి, నేను ఇనా యెల్ఫి. యెల్ఫి నాన్న, యెల్ఫి అమ్మ. ఆ తరవాత పుట్టు పేరు పెట్టి పిలిస్తే మొరటుతనం కింద లెక్క. దలిమా అన్న నా పేరు ఆయన నోటి నుంచి పెళ్ళైన మొదటి ఏడాది విన్నాను. మళ్ళీ వినలేదు. సితిరియాకు పిల్లలు లేరు కాబట్టి ఆమె పేరు ఆమెకే మిగిలింది. అది లోటని అందరూ జాలిపడేవాళ్ళు. నేను మాత్రం మా ఆయన "సితిరియా" అన్నప్పుడల్లా ఆ నాలుగక్షరాలు ఆయన నోట్లో ఎంతసేపు నిలుస్తున్నాయో చూసేదాన్ని. ఆయన అసలు పేరు సోజానోలో. ఆమె ఆయన్ని సోజా అనేది. బిడ్డ పుట్టిన మగవాణ్ణి అలా పిలవకూడదని ఒకసారి ఆమెతో అన్నాను. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైపోయింది, ఏమీ అనుకోకు అంది. అనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. తీరం మీద కుర్రాళ్ళు, పైనుంచి వచ్చిన అతిథులు, ఆమెను ఉత్త "ఇనా" అనేవాళ్ళు. పక్కన ఏ బిడ్డ పేరూ లేదు. నేను ఒక్కదానికి ఇనాను. ఆమె కనకుండానే అందరికీ ఇనా అయింది.

మా ఆయనదీ ఆమెదీ ఒకే ఊరు, ఒకే ఈడు. ఆటుకు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు దిబ్బ మీద గుల్లలు ఏరుకుంటూ, గుంటల్లో దాక్కున్న ఆక్టోపస్‌లను కడ్డీతో లాగుతూ కలిసి పెరిగారు. పదిహేడో ఏట ఆమెను ఒక వడ్రంగికిచ్చారు. అతను మూడు గదుల మేడ ఒకటి కట్టాడు, పనికని పడవెక్కి సిబోల్గా వెళ్ళాడు, అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. ఏడవలేదట ఆమె. గదులు అతిథులకిచ్చింది, కింద బాణలి పెట్టి అరటిపండు బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. ఇల్లు చక్కగా కట్టాడు, దూలాలు గట్టివి అని ఇప్పటికీ మొగుణ్ణి మెచ్చుకుంటుంది. ఇది కూడా నాకు నచ్చదు. మొగుడు వదిలేసిన ఆడది మొగుణ్ణి తిట్టాలి.

ఈల కథ మా ఆయన నాకు నూరుసార్లు చెప్పి ఉంటాడు. నూరోసారి కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆయనకు ఇరవై ఏళ్ళప్పుడు ఎవరో అతిథి విరిగిందని పారేసిన బల్లను అతికించుకుని, మొదటిసారి దిబ్బ మీదికి వెళ్ళాడు. ఈమె దిబ్బ అంచున గుల్లలు ఏరుతూ ఉంది. తల ఎత్తితే బయటి రాయి దగ్గర నీళ్ళు నల్లబడుతున్నాయి. అరిచినా వినబడదు. ఊళ్ళో కుక్కల్ని పిలవడానికి వేసే ఈల వేసింది. ఆయన తిరిగి చూశాడు. ఆమె లోతు వైపుకు చెయ్యి చాపింది. ఆయన ఈదాడు. అంతే కథ. ఆడది ఈల వేస్తే ఇంట్లో గింజ నిలవదని మా అత్త అనేది. అదే అత్త, ఆ రోజు తరవాత ఆమె ఈల వేస్తే దండం పెట్టుకునేది.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "గుమ్మంలో నించుని గొంతు చించుకున్నా పలకవు. అంత దూరం నుంచి దాని ఈల ఎట్లా వినబడుతుంది నీకు?"

ఆయన బల్లకు మైనం రుద్దుకుంటూ, "నువ్వు అన్నానికి పిలుస్తావు. అది ప్రాణానికి పిలుస్తుంది" అన్నాడు.

అన్నం లేకుండా ప్రాణం ఎన్నాళ్ళుంటుందో చూద్దామని ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆయన నవ్వుకుంటూ వెళ్ళి సితిరియా దగ్గర బజ్జీలు తిని వచ్చాడు.

భూకంపం వచ్చిన ఏడు దిబ్బ ఒక్కసారిగా పైకి లేచింది. ఎప్పుడూ నీళ్ళలో ఉండే పగడం ఎండకు తెల్లబడి కంపు కొట్టింది. దిబ్బలో ఒక సందు ఉండేది. దానిలోంచి దూకితే తల తడవకుండా లోతుకు పోవచ్చు. మా ఆయనా ఆయన తోటివాళ్ళూ అలవాటు చొప్పున పాత సందులోనే దూకారు, పొట్టలు చీరుకుని వచ్చారు. ఇన్నేళ్ళుగా మాకు తెలియని చోటా అనుకుంటూ మళ్ళీ దూకారు. నెల రోజులు ప్రతి సాయంత్రం గాయాలకు నిమ్మకాయ పిండి, పగడపు ముక్కలు ఏరి తీసింది నేను. సితిరియా నీళ్ళు తీసినప్పుడల్లా చెప్పుల్లేకుండా దిబ్బంతా నడిచి, కొత్త సందు ఎక్కడుందో కనిపెట్టి, వెదురు కర్ర పాతింది. కర్ర పాతిన చెయ్యి గుర్తుంది అందరికీ. నిమ్మకాయలు పిండిన చెయ్యి ఎవరికి గుర్తుంటుంది?

రెండేళ్ళ కిందట మా ఆయన పోయాడు. సముద్రం చెయ్యలేదు ఆ పని. చలిజ్వరం తలకెక్కి తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది. ఆ తొమ్మిది రోజులూ తడిగుడ్డ వేసింది నేను, పక్క మార్చింది నేను. ఆఖరి రోజుల్లో ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మాలో పంది కోస్తే ఏ ముక్క ఎవరికో పెద్దలు చూస్తారు. కింది దవడ అన్నిటికంటే గౌరవం. ఆయన కోసం కోసినవి నేను పెంచిన పందులు. ఒక దవడ మా వంశం పెద్దకు, ఒకటి పాస్టరు గారికి వెళ్ళాయి. మూడోది మా మరుదులు సితిరియాకు పంపారు. అన్నను ఇన్నేళ్ళు మాకు మిగిల్చింది ఆమే కదా వదినా అన్నారు. అవునన్నట్టు తలూపాను.

పెట్టె గుంటలోకి దించుతున్నప్పుడు ఆమె వెనక వరసలో నించుని ఈల వేసింది. పొడుగ్గా, ఒక్కటే. లోతుకు పొమ్మని. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారు. ఇప్పటికీ అమా యెల్ఫిని మట్టి చేసిన రోజు అంటే అందరూ ఆ ఈల గురించే చెబుతారు. నేను కూడా అక్కడే ఉన్నాను. పెళ్ళాన్ని. నా ఏడుపు ఎలా ఉండిందో ఎవరికీ గుర్తు లేదు.

మా యెల్ఫికి ఇప్పుడు పదిహేడు. ఇసుక వైపు కెరటాలు దానికి పన్నెండో ఏటికే చాలకుండా పోయాయి. వచ్చే గాలికాలానికి దిబ్బ మీదికి నేనే తీసుకెళతానని వాళ్ళ నాన్న మాటిచ్చి, ఆ గాలికాలం రాకముందే వెళ్ళిపోయాడు. ఆయన బల్ల తలుపు వెనక ఉండేది. వారానికోసారి తుడిచేదాన్ని. దాని మీద ఆయన పాదాలు ఆనిన చోట మైనం గారకట్టి ఉంటుంది, అక్కడ మాత్రం తుడవను.

యెల్ఫి నన్నేమీ అడగలేదు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే పాస్టరు గారి భార్య మాటవరసకి అంది, మీ అమ్మాయీ సితిరియా నీళ్ళు తీసినప్పుడల్లా దిబ్బ మీదే ఉంటున్నారే, గుల్లలు బాగా దొరుకుతున్నాయా అని. మా ఇంటికి గుల్లలేమీ రావడం లేదు. మర్నాడు వెళ్ళి దూరం నుంచి చూశాను. సితిరియా ముందు నడుస్తోంది. ఒక్కో గుంట దగ్గర ఆగి, నా కూతురి పాదం పట్టుకుని అందులో పెట్టిస్తోంది. ఎక్కడ లోతు, ఎక్కడ కోర, ఎక్కడ పడితే ఎటు దొర్లాలి, దిబ్బనంతా దాని కాళ్ళకు నేర్పుతోంది.

తిన్నగా బజ్జీల బాణలి దగ్గరికే వెళ్ళాను ఆ సాయంత్రం.

"నాతో ఒక్క మాట అనకుండా నా కూతుర్ని దిబ్బ మీదికి తోలుతున్నావా?" అన్నాను.

"నేను తోలేదేముంది, ఇనా యెల్ఫి. అది సోజా కూతురు, ఎటూ దిగుద్ది. ఎక్కడ దిగుతోందో తెలిసి దిగనీ" అంది. "నా ఈల లేకుండా దిగనని ఒట్టు పెట్టించుకున్నాలే."

సోజా కూతురట. నా పేరు అందులో లేదు.

"నీకూ ఒకటి పుట్టి ఉంటే తెలిసేది" అన్నాను.

ఆమె బజ్జీలు తిరగేసింది. ఒకటి మాడింది, దాన్ని తీసి పక్కన పెట్టింది. నేను గెలిచినట్టే ఇంటి దాకా నడిచాను.

ఆ తరవాత నెలకు ఆమెకు దవడ వాచింది. వక్కా ఆకూ నమిలి నమిలి చిగుళ్ళు ఎప్పుడో పాడయ్యాయి. మూడు వారాలు ఓర్చుకుని తెలుక్ దలం పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నాలుగూ కదులుతున్నాయి, ఉంచితే మిగతావాటికీ పాకుతుందని పీకేశాడు. తవుడు ఎక్కువ కలిపింది ఆ రోజే.

రెండో రోజు మెత్తగా గంజి కాచి పట్టుకెళ్ళాను. పరామర్శకని అందరూ అనుకున్నారు. వెళ్ళింది చూడ్డానికి. మేడ వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. గంజి తాగాక, నేనే అన్నాను, ఒకసారి ప్రయత్నించి చూడరాదూ, అలవాటైన నోరు కదా అని. ఆమె నా ముఖం చూసింది. వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదింది. పొయ్యి ఊదినట్టు పుస్సుమని గాలి వచ్చింది. నేను గిన్నె కడిగే వంకతో తల వంచుకున్నాను.

"అమ్మాయికి చెప్పు" అంది ఆమె, మాటలన్నీ గాలి కలిసి వస్తున్నాయి. "ఈ గాలికాలానికి వద్దని చెప్పు. నువ్వు చెప్తే వింటుంది. నా నోటికి గతి లేక అంటున్నానంటుంది నేను చెప్తే."

చెబుతానన్నాను. ఆ చెప్పడంలోనే నేను తప్పు చేశాను. వద్దన్న మాట చెప్పలేదు. ఇంటికొచ్చి, చిలగడదుంప తీగలు తరుగుతూ, "ఇక మీ ఇనా ఈల అయిపోయింది. గాలి తప్ప ఏమీ రావట్లేదు. ఇప్పుడు ఎవరి ఈలకు దిగుతావో చూస్తా" అన్నాను. నా గొంతులో ఉన్నదేమిటో అది పసిగట్టింది. పదిహేడేళ్ళ పిల్ల, తల్లి గొంతు తెలియదా? కత్తిపీట వంక చూసి, "ఎవరి ఈలా లేకుండానే దిగుతా" అంది.

నాలుగో రోజు పొద్దున పందులకు తీగలు ఉడకబెడుతుంటే సముద్రం హోరు మారింది. మనం గమనించకపోయినా కిటికీ రెక్కలకు తెలుస్తుంది, సన్నగా అదురుతాయి. గాలి నేల వైపు నుంచి వీస్తోంది. లోపలికి వెళ్ళి చూస్తే తలుపు వెనక బల్ల లేదు.

నీళ్ళ వైపుకు పరుగెత్తాల్సింది. నా కాళ్ళు సితిరియా మేడ మెట్లెక్కాయి. ఏమని ఎక్కానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె బెంచీ మీద కూర్చోలేదు, ఎక్కి నించుంది. దిబ్బ దగ్గర యెల్ఫితో కలిపి ఎనిమిది మంది ఉన్నారు. యెల్ఫి మిగతావాళ్ళ కంటే ఒడ్డు వైపుగా, దిబ్బకు దగ్గరగా కూర్చుని ఉంది. పెద్దవి వాళ్ళకు వదిలి చిన్నవి తను తీసుకుందామని. కొత్తగా దిగినవాళ్ళు అలాగే కూర్చుంటారు. పెద్ద వరస వస్తే ముందు దొరికేది వాళ్ళే.

"ఎప్పుడు దిగింది?" అన్నాను.

ఆమె బయటి రాయి వైపు చూస్తోంది. నేనూ చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఉన్నట్టుండి వేళ్ళు నోట్లో పెట్టుకుంది. పుస్సుమంది. మళ్ళీ ఊదింది. చిగుళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వేళ్ళ మీద నెత్తురు కనబడింది. కిందికి వంగి, తోమి బెంచీ పక్కన బోర్లించిన బాణలి అందుకుని గరిటెతో కొట్టింది. ఆ హోరులో అది గాజుల చప్పుడు కూడా కాలేదు. ఎనిమిది మందిలో ఒక్క తలా తిరగలేదు. ఈల రాలేదంటే వరస రాలేదనే వాళ్ళ నమ్మకం. నాలుగు పళ్ళు పోయాయని విన్నారు, అయ్యో అన్నారు, అయినా ఇరవై ఏళ్ళ అలవాటు చెవుల్లోంచి పోలేదు. పాత సందులో దూకినవాళ్ళే కదా.

సితిరియా నా రెండు భుజాలూ పట్టుకుంది.

"దలిమా, పిలు."

"నేనెట్లా పిలిచేది? నాకు ఈల రాదు."

"పందుల్ని పిలిచినట్టు పిలు."

నాది కొండ మీది ఊరు. అక్కడ పందులు లోయ అవతల మేస్తాయి. సాయంత్రం లోయ ఇవతల నించుని పిలిస్తే వినబడాలి. మా అమ్మ నేర్పిన కూత అది. బొడ్డు దగ్గర నుంచి మొదలుపెట్టి, గొంతులో లాగి, చివర్న ముక్కులో విరవాలి. యెల్ఫి చిన్నప్పుడు పందుల్ని పిలిస్తే వాటితో పాటు అదీ వచ్చేది, ఎక్కడున్నా సరే. పన్నెండో ఏట అతిథుల ముందు సిగ్గేస్తోంది, అలా పిలవకు ఇనా అని ఏడ్చింది. అప్పటి నుంచి దొడ్లో తొట్టి మీద కర్రతో కొట్టడమే. అయిదేళ్ళుగా ఆ కూత నా గొంతులోంచి రాలేదు. కింద వరస మేడల్లోంచి అందరూ చూస్తున్నారు. ఇంకా నాకు గుర్తుంది, ఆ క్షణంలో కూడా ఈమె చెబితే నేను చెయ్యాలా అనుకున్నాను.

పిలిచాను.

ముందు పందులు విన్నాయి. దొడ్డి కంచె విరిగిన చప్పుడు వినబడింది. నేల వైపు నుంచి వీచే గాలి కూతను ఎత్తుకుపోయింది. రెండోసారి పిలిచాను. అతిథి ఒకడు కింద పగలబడి నవ్వుతున్నాడు. మూడోసారికి యెల్ఫి తల ఇటు తిరిగింది.

సితిరియా నా చెయ్యి పట్టుకుని ఎత్తి లోతు వైపుకు చాపింది. నా చెయ్యే, కానీ చాపింది ఆమె. యెల్ఫి బల్ల మీద బోర్లా పడుకుని రెండు చేతులా నీళ్ళు తొయ్యడం మొదలుపెట్టింది. దాన్ని చూసి మిగతావాళ్ళు కదిలారు. అప్పుడు బయటి రాయి తెల్లబడింది.

మొదటి దాన్ని దాటింది. రెండోది అంత కంటే పెద్దది. దాని గోడ మీద నా బిడ్డ నిలువునా ఎక్కుతుంటే అరికాళ్ళు రెండూ కనబడ్డాయి, తెల్లగా. తరవాత కాళ్ళు కనబడలేదు. సితిరియా గోళ్ళు నా మోచేతిలో దిగి ఉన్నాయి. మూడోది విరిగి నురుగంతా దిబ్బ మీదుగా పోయాక, లోతులో ఎనిమిది తలలకు ఏడే ఉన్నాయి. వాటిలో నా బిడ్డది ఏదో పోల్చుకోలేకపోయాను. "ఉంది, ఉంది. ఎడమ పక్కది" అంది సితిరియా. ఆ ఏడుగురిలో లేనివాడు కదలడానికి బద్ధకించిన ఒక అతిథి. రెండు ముక్కలైన బల్లతో, వీపు గీరుకుని, బతికే ఒడ్డుకొచ్చాడు.

నీళ్ళు సర్దుకున్నాక యెల్ఫి ఒక మధ్యరకం కెరటం పట్టుకుంది. మోకాళ్ళు వంచి, ఎడమ చెయ్యి వెనక్కి వదిలి, మెడ కొద్దిగా పక్కకు వంచి నిలబడింది. ఆ మెడ నాకు తెలుసు. తెలుసునని సితిరియా వైపు తిరిగితే, ఆమె కళ్ళు అప్పటికే తడిసి ఉన్నాయి. ఆ మెడ ఆమెకు నా కంటే ముందు నుంచీ తెలుసు మరి.

మేమిద్దరం మెట్లు దిగేసరికి తీరమంతా గోల. నా పందులు ఆరూ ఇసుక మీద తిరుగుతూ అతిథుల తువ్వాళ్ళు వాసన చూస్తున్నాయి. యెల్ఫి బల్ల తల మీద పెట్టుకుని దిబ్బ దాటి వచ్చింది. మడమ దగ్గర తెగి నెత్తురు కారుతోంది. ఇటు మా ఇల్లు, అటు సితిరియా మేడ. ఎటు తిరుగుతుందా అని చూశాను. నా ప్రాణం ఆ కాళ్ళ మీదే ఉంది. అది ఏ వైపుకూ తిరగలేదు, ముందు పందుల్ని అదిలించి, నవ్వుతూ మా ఇద్దరి మధ్యా నించుంది.

"లోకంలో ఏ తల్లైనా కూతుర్ని పందిలా పిలుస్తుందా?" అంది. "నాన్నను పిలిచినట్టే వినబడింది ఇనా. అన్నానికి పిలుస్తున్నావేమో అనుకున్నా."

నేను దాని మడమ చూస్తున్నాను, నిమ్మకాయ ఉందో లేదో ఇంట్లో అనుకుంటూ. అప్పుడు అడిగింది.

"ఎవరు చూశారు ముందు? నాకైతే అక్కడేమీ కనబళ్ళేదు."

సితిరియా ఆఖరి మెట్టు మీద ఉంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆమె బదులు చెప్పాలంటే చెంగు తియ్యాలి. అంత మంది ముందు తియ్యడానికి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఒక్క క్షణం చాలింది నాకు.

"నేనే" అన్నాను. "నేనే చూశాను."

యెల్ఫి నా వైపు చూసిన చూపు, వాళ్ళ నాన్న దాని వైపు చూసే చూపు. అలా నన్ను ఎవరైనా చూసి ఎన్నేళ్ళైందో. అది వెంటనే సితిరియా వైపు తిరిగింది, నిజమా అన్నట్టు. సితిరియా చెంగు తియ్యలేదు. నన్నొకసారి చూసి, నిజమేనన్నట్టు తలూపి, బజ్జీలు మాడుతున్నాయని చేత్తో చూపించి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద అప్పుడు బాణలే లేదు. అది పైన వసారాలో పడి ఉంది.

ఇంటికొచ్చి మడమకు నిమ్మకాయ పిండాను. యెల్ఫి అబ్బా అంటూనే, ఇంత తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు ఇనా, నాన్నకైనా తెలుసా అని అడుగుతూ ఉంది. అబద్ధం ఆడితే ఆడాను గానీ, అబద్ధం కూడా నాకు ఆమె ఇస్తేనే దక్కింది. ఆమె తల అడ్డంగా ఊపి ఉంటే నేనేమై ఉండేదాన్ని? మేలు చెయ్యడంలోనూ నా కంటే ముందే ఉంది. పళ్ళు లేకుండా కూడా.

మర్నాడు పొద్దున యెల్ఫి బల్ల తీస్తూ, మేడ మీద ఉంటావా ఇనా అంది. ఉండక ఏం చేస్తాను. పందులకు ముందే తీగలు వేసి, కంచెకు కర్ర అడ్డం పెట్టి వెళ్ళాను. మెట్లెక్కేసరికి సితిరియా బెంచీ మీద ఒక పక్కకు జరిగి కూర్చుని ఉంది. నా కోసం జరిగిందో, రోజూ అంతే కూర్చుంటుందో అడగలేదు. పక్కన కూర్చున్నాను. ఆమెకు మెత్తగా ఉడికించిన దుంప తెచ్చాను, తింది. నిన్నటి మాట నేను ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు.

చాలాసేపటికి బయటి రాయి వైపు చెయ్యి చాపింది.

"అదుగో. ముదిరింది చూడు" అంది.

కళ్ళు చికిలించి చూశాను. నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఎండ, నీళ్ళు. ఇంకేమీ లేదు అక్కడ.

"కనబడిందా?"

"ఆఁ" అన్నాను.

ఆమె ఒకసారి నా ముఖంలోకి చూసింది. "అయితే పిలు" అంది.

పిలిచాను.